బాపు కొత్త నంబరు

"మీ కొడుకు పోలీసుల దగ్గర ఉన్నాడు, ఒకటి నొక్కండి" అంటూ రికార్డు గొంతుతో దొంగ ఫోన్లు వస్తున్న రోజులవి. అలాంటిది వస్తే పెట్టేసి వెంటనే నాకు చేసి అడగమని బాపుకు పదిసార్లు చెప్పాను. అర్థమైందా అని గద్దించాను కూడా.

బాపు ఫోన్‌లో ముందుగా మాట్లాడడు. కన్నకొడుక్కి తానెవరో చెప్పుకోవడం ఆయనకు నామోషీ. నేను "బాపూ" అనేదాకా ఊరుకుంటాడు.

ఒకరోజు ఆఫీసులో ఉండగా కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది. రెండుసార్లు హలో అన్నా అవతల ఉలుకూ పలుకూ లేదు. ఆ దొంగ మిషనే అనుకుని, నంబరు బ్లాక్ చేశాను.

మధ్యాహ్నానికి బాపు రామన్నపేట నుంచి బస్సెక్కి వచ్చి, నల్లగొండలో మా ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డాడు. కాళ్లకు పొలం బురద ఎండిపోయి ఉంది. నన్ను తల నుంచి పాదాలదాకా చూశాడు.

"నువ్వు పోలీసులకాడ ఉన్నవని ఫోనొచ్చింది బిడ్డా. నువ్వు చెప్పినట్టే పెట్టేసి, నీకు చేసిన. పాత సిమ్ము ఖరాబైతే నిన్ననే కొత్తది తీసుకున్న. ఒక్కసారి ఎత్తినవు, మళ్ల కలుస్తలేదు. నీ ఫోన్ గిట్ల ఖరాబైందా?"

"అవును బాపూ" అన్నాను.

"ఇటియ్యి, పోయేటప్పుడు చిట్యాలల బాగుచేయిస్త" అని చెయ్యి చాపాడు.