పెద్ద టీచరుగారి నారింజరంగు చేప

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ పనికైనా ఒక చెక్‌లిస్టు ఉంటుందనీ, అందులో అన్ని గళ్ళలోనూ టిక్కులు పడితే ఆ పని అయిపోయినట్టేననీ. ఆ నమ్మకం మా ఆఫీసు ఇచ్చింది. కాకినాడ పోర్టు దగ్గర బియ్యం ఎగుమతి చేసే ఓ కంపెనీలో ఓడ కాగితాలు సరిచూసే ఉద్యోగం నాది. సరుకంతా ఎక్కేసినా, కెప్టెను సిద్ధంగా కూర్చున్నా, నా బల్ల మీద ఒక్క కాగితం తక్కువైతే ఓడ కదలదు. ఇరవై ఎనిమిదేళ్ళకే అంత పెద్ద ఓడ మన సంతకం కోసం ఆగిందంటే ఎవరికైనా కాస్త తలకెక్కుతుంది. నాకు కాస్త కాదు, బాగానే ఎక్కింది. (నిజానికి ఓడ ఆగేది మా మేనేజరుగారి సంతకం కోసం. నాది దాని కింద పెట్టే పొట్టి సంతకం. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.)

మా ఆయన సముద్రంలో గ్యాసు తీసే చోట పనిచేసేవారు. రెండు వారాలు నీళ్ళ మీద, రెండు వారాలు ఇంట్లో. మా అత్తగారు పెనుగొండ దగ్గర పాడీ పంటా వదిలి రాలేరు. అందుకని మా బుజ్జిగాణ్ణి, అప్పటికి వాడికి రెండేళ్ళ తొమ్మిది నెలలు, మా వెనకవీధిలో ఉండే చేపలత్త చూసుకునేది. పొద్దున్నపూట వాళ్ళింటి ముందే తొట్టి పెట్టుకుని చేపలమ్మేది, మధ్యాహ్నం నుంచి ఖాళీ. తొమ్మిదింటికి నేను వాణ్ణి తొట్టి పక్కన పీట మీద కూర్చోబెట్టి ఆటో ఎక్కితే, సాయంత్రం తిరిగొచ్చేసరికి కడుపునిండా తిని, నిద్రపోయి లేచి, నున్నగా తల దువ్వించుకుని ఉండేవాడు. నేను మాత్రం వాడి చేతులు మూడుసార్లు సబ్బుతో తోమి, అప్పుడు ముద్దు పెట్టుకునేదాన్ని. తిండీ నిద్రా అత్త చూసుకుంటుంది, చదువు మాత్రం నాదే అని నా లెక్క. చదువంటే ఏంటో నాకు బాగా తెలుసని కూడా అనుకునేదాన్ని.

ఇలా సాగుతుండగా ఓ రోజు చేపలత్త నన్ను గుమ్మంలోనే ఆపింది. "అమ్మాయిగారూ, మరేటీ అనుకోకండి. మా పిల్ల పురిటికొత్తందండి. వచ్చే నెల్నించి బాబుని చూడ్డానికి నాకు కుదరదండి, ఆయ్" అంది. అని కళ్ళు తుడుచుకుంది. నేనూ ఏడ్చేదాన్నే గానీ ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

మా వైపు సాయంత్రం ఆరు దాకా పిల్లల్ని ఉంచుకునే ప్లే స్కూలు ఒకటే ఉంది. దాంట్లో ఒకే ఒక్క సీటు మిగిలింది. పిల్లాణ్ణి చూసి, మాట్లాడించి గానీ ఇవ్వరట. అది రాకపోతే నేను ఉద్యోగం మానెయ్యాలి, వేరే దారి లేదు. సిగ్నలు అందీ అందని ఫోనులో మా ఆయన, "పోనీ కొన్నాళ్ళు మానెయ్యరాదూ" అన్నారు. ఆ కొన్నాళ్ళు ఎలాంటివో నాకు తెలుసు. మా పిన్నికూతురు అలాగే కొన్నాళ్ళకని మానేసింది, వాళ్ళ పెద్దాడిప్పుడు టెన్త్ చదువుతున్నాడు. నాకా ఉద్యోగం కావాలి. జీతం కోసమే కాదు, ఆ పొట్టి సంతకం కోసం కూడా.

ఇంక చూసుకోండి నా ఆర్భాటం. రెండు పేజీల చెక్‌లిస్టు తయారుచేసి ఫ్రిజ్ మీద అంటించాను. రంగులు, జంతువులు, పళ్ళు, ఒకటి నుంచి పది, రెండు ఇంగ్లీషు పాటలు, అడిగిందానికి నిలబడి జవాబు చెప్పడం. బొమ్మల కార్డులు రెండు పెట్టెలు కొన్నాను. ఇడ్లీ పిండి వేస్తూ ఎరుపు, చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటూ ఏనుగు, జడ వేసుకుంటూ ఒకటి నుంచి ఐదు. వాడు యాపిల్ కార్డు కొరికేశాడు (పండుని గుర్తుపట్టాడన్నమాట, టిక్కు). ఏనుగుని చూసి "మేనేజరు" అన్నాడు. అది నేనెక్కడ అన్నానో, ఎప్పుడు విన్నాడో. చేప కార్డు ఇస్తే మాత్రం వెనక్కి తిప్పి చూసి, మొహం చిట్లించి, మంచం కింద పడేసేవాడు. అది వాడికి కష్టమైన అంశం కాబోలనుకుని లిస్టులో చివరికి జరిపాను. అంత తెలివైనదాన్ని నేను.

స్కూలువాళ్ళు రమ్మన్న రోజు హాఫ్ డే సెలవు పెట్టాను. సాయంత్రం ఓడ ఉందని మేనేజరుగారు ముఖం ముడుచుకునే ఒప్పుకున్నారు. బుజ్జిగాడికి కొత్త చొక్కా, పౌడరు, నుదుటి మీద నిలువు బొట్టు. స్కూలు నడిపే పెద్ద టీచరుగారు గవర్నమెంటు బళ్ళో చేసి రిటైరైన ఆవిడ. బల్ల మీద ఓ గాజు కుండ, అందులో బొద్దుగా, బద్ధకంగా తిరుగుతున్న ఒక నారింజరంగు చేప. ఆవిడ పిల్లాడితో మాట్లాడుతూనే మధ్యమధ్యలో ఆ చేపకేసి ప్రేమగా చూసుకుంటున్నారు.

"నీ పేరేంటి బాబూ?" అన్నారు. మావాడు తన చెప్పులకేసి చూసుకున్నాడు. ఎర్ర బంతి చూపించి రంగు అడిగారు. మావాడు ఫ్యాను చూశాడు. ఏనుగు బొమ్మ తీస్తే నేనే భయపడి, "అది వద్దండీ, ఇంకోటి అడగండి" అన్నాను. పాట పాడమన్నారు. మావాడు చొక్కా గుండీ నోట్లో పెట్టుకున్నాడు. "ఇంట్లో అన్నీ చెప్తాడండీ" అన్నాను. ప్రతి తల్లీ అక్కడ ఆ కుర్చీలో కూర్చుని అనే మాటే అయ్యుంటుంది, ఆవిడ విసుక్కోకుండా తలూపారు. నా ఉద్యోగం కళ్ళముందే కరిగిపోతోంది. ఆఖరికి ఆవిడ జాలిపడి, "పోనీలే, ఇది చెప్పు. ఇదేంటి?" అని గాజు కుండ వాడి ముందుకి జరిపారు.

మావాడి ముఖం వెలిగింది. గుండీ వదిలాడు. కుర్చీ మీద మోకాళ్ళేసుకుని లేచాడు. నేను అమ్మయ్య అనుకునేలోపు రెండు చేతులూ కుండలో ముంచి చేపని ఒడుపుగా పైకి తీసి, బొటనవేలితో మొప్ప ఎత్తి, లోపలికి తొంగి చూశాడు. ఎర్రగా ఉంటే తాజాది, తెల్లబడితే నిలవది, అది మా వైపు చేపలు కొనేవాళ్ళందరికీ తెలిసిన విద్యే. చూసి, పెద్ద టీచరుగారివైపు తిరిగి ఎంతో మర్యాదగా, "తాజాదేనండి. కోసిచ్చెయ్యమంటారా?" అన్నాడు.

ఆవిడ కుర్చీలోంచి లేచిన వేగం ఆ వయసు వాళ్ళలో నేను మళ్ళీ చూడలేదు. చేపని కుండలో వేసేశారు. అది ఒక్క క్షణం పక్కకి ఒరిగి, తర్వాత కోపంగా తిరగడం మొదలుపెట్టింది. బతికింది. నా కొంగుతో బల్ల తుడుస్తూ క్షమించమన్నానో, సెలవు తీసుకుంటానన్నానో నాకే తెలీదు. ఆవిడ కాసేపు రొప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నారు.

"ఎవరు నేర్పారు నాన్నా నీకిది?"

"అత్త" అన్నాడు. గొంతు ఇప్పుడు బాగానే వచ్చింది. చందువా, వంజరం, పండుగప్ప, రొయ్య, ఒక్కో వేలూ మడిచి చెప్పుకుపోయాడు. తడి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి మరీ చెప్పాడు. అడిగిందానికి నిలబడి జవాబు చెప్పడం, నా లిస్టులో ఉన్నదే.

"మరి అమ్మ ఏం నేర్పింది?"

నేను ముందుకి వంగాను. ఒక్క రంగు, ఒక్క జంతువు చెప్పరా తండ్రీ అని. వాడు కాస్త ఆలోచించాడు. ఎడమచెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, కుడి చూపుడువేలు పైకెత్తి, నా గొంతుతో, నా విసుగుతో, "ఒక్క నిమిషం" అన్నాడు.

సిగ్గుతో నా చెవులు వేడెక్కిపోయాయి. నా రెండు పేజీల్లో లేని పాఠం అది. రోజూ ఎన్నిసార్లు చెప్పుంటానో, ఒక్క కార్డూ అవసరం లేకుండా ఎంత బాగా వచ్చిందో. ఏడుపొచ్చింది. ఏడవలేదు, చీర తడుస్తుందని కాదు, సీటు పోతుందని.

పెద్ద టీచరుగారు నా చేతిలో కాగితం పెట్టి, "సంతకం చెయ్యండమ్మా" అన్నారు. "ఇక్కడికొచ్చే పిల్లలు చాలామంది ఆ పాఠం నేర్చుకునే వస్తారు. నేనూ ఉద్యోగం చేసే పెంచాను లెండి. ఒకటో తారీఖు నుంచి తీసుకురండి. ఆలోగా ఈ కుండ పై అరలోకి మారుస్తాను."

తిరుగు ఆటోలో బుజ్జిగాడు నా గడ్డం పట్టి తనవైపు తిప్పుకున్నాడు. "అమ్మా, ఆ చేప..." అంటుండగా ఫోను మోగింది. మేనేజరుగారు. ఓడ కాగితాల్లో ఏదో తేడా వచ్చిందట, ఎక్కడున్నావంటున్నారు. నా నోటికి ఆ ధైర్యం ఎలా వచ్చిందో గానీ, "ఒక్క నిమిషం సార్" అని ఫోను ఒళ్ళో బోర్లించాను. మావాడు ఫోనుకేసి చూశాడు, నాకేసి చూశాడు. ఆ మాట తనకి తప్ప ఇంకెవరికీ చెప్పరని అన్నాళ్ళూ అనుకున్నట్టున్నాడు.

"చెప్పు నాన్నా, ఆ చేప?"

"ఒక్కతే ఉంది. వాళ్ళమ్మ ఆఫీసుకెళ్ళిందా?"

"అవును నాన్నా. ఆరింటికల్లా వచ్చేస్తుంది" అన్నాను. వాడికి నమ్మకం కుదిరింది. నేను ఫోనెత్తి, తేడా సరిచేసి, ఆఫీసుకే వెళ్ళాను. ఓడ కదలాలి కదా.

మావాడికిప్పుడు పన్నెండేళ్ళు. నా సంతకం కొద్దిగా పొడుగైంది. వాడు ఆ స్కూలుకెళ్ళిన మూడేళ్ళలో నేను సరిగ్గా ఆరింటికి స్కూలు గేటు దగ్గరున్న రోజులు బహు తక్కువ. ఆరున్నరకి, ఆరూ నలభైకి, చెప్పు తెగినా ఆగకుండా పరిగెత్తుకొచ్చేది అప్పట్లో నేనైన ఆ పిల్ల, మనసులో రేపటి లిస్టు రాసుకుంటూ. ఇప్పుడు ఎదురైతే దాన్ని గేటు దగ్గరే ఆపి, ఆ కాగితాలు ఇలా ఇచ్చి కాసిని మంచినీళ్ళు తాగమ్మా, నువ్వు అనుకున్నంత చెడ్డగా ఏం చెయ్యట్లేదు అని చెప్పాలనిపిస్తుంది. నిలబడి వినేది కాదు లెండి. వేలు పైకెత్తి నన్ను దాటుకుని లోపలికి వెళ్ళిపోయేది.