అప్పడాల పీట మీద ల్యాప్‌టాప్

మంచు రోడ్డు మీద లారీ నడుపుతుంటే తెర ఉన్నట్టుండి నల్లబడేది. ముందు లోపలి ఫ్యాన్ గోలపెట్టేది, తర్వాత బొమ్మ ఆగి ఆగి కదిలేది, ఆ తర్వాత ఇంకేమీ ఉండేది కాదు. నల్లటి తెరలో దువ్వుకోని నా తల కనిపించేది. ఆ మొహం చూడ్డం ఇష్టంలేక మూత వేసేసేదాన్ని. కాస్త చల్లారాక మళ్ళీ తెరిచేదాన్ని. బరంపురంలో ఎండాకాలం మధ్యాహ్నం ఒక వస్తువు చల్లారాలంటే చాలా ఓపిక కావాలి. నాకు ఓపికకేం లోటు లేదు, వేరే పని లేదు కనక.

ఆ ఆటలో పెద్ద విశేషమేమీ లేదు. ఎక్కడిదో చలిదేశం, ఒక లారీ, దాన్నిండా సరుకు. ఒక ఊళ్ళో ఎక్కించి ఇంకో ఊళ్ళో దింపాలి. గేట్ బజార్‌లో కిరాణా హోల్‌సేల్ చేసే ఇంటికి కోడలిగా వచ్చి, ఖాళీ దొరికితే ఇక్కడా సరుకే మోస్తున్నావా అని మా ఆయన ఆటపట్టించేవాడు. అది ముందు సంగతి. తర్వాత ఆయన నన్ను ఆటపట్టించడం మానేశాడు.

నాలుగో నెలలో కడుపు పోయింది. ఇలా చాలామందికి జరుగుతుందమ్మా, ఇందులో నీ తప్పేమీ లేదు అంది డాక్టరమ్మ. నేను తలూపాను. ఇంటికొచ్చాక కూడా ఏడుపు రాలేదు. నేను కంప్యూటర్ పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టేసి, మంచం మీద దిండుకి ఆనుకుని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని లారీ తోలుకుంటూ కూర్చున్నాను. ఏమీ అనిపించలేదు. ఏదైనా అనిపించాలి కదా అని కూడా అనిపించలేదు.

కడుపుతో ఉన్నప్పుడూ అలాగే కూర్చునేదాన్ని. అత్తయ్య వద్దనేది. "ఆ డబ్బా ఒళ్ళో ఎట్టుకోకమ్మా, ఏడి సేస్తాది." బొప్పాయి వేడి, నువ్వులు వేడి, ఆవకాయ వేడి, ఇప్పుడు ఆ వరసలో నా ల్యాప్‌టాప్‌ని కూడా కూర్చోబెట్టిందని నవ్వొచ్చింది. "దానికీ రోజూ మజ్జిగ పట్టిస్తాను లెండి," అన్నాను. ఆవిడా నవ్వింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు, పక్కింటి ఒడియావాళ్ళ దగ్గర నేర్చుకున్న పఖాళ చద్దన్నం, అన్నీ చలవ చేసేవే, మంచం పక్కన పెట్టి వెళ్ళిపోయేది. నోరు విప్పి నాలుగు తిట్టినా బాగుండేది.

ఒకరోజు మా ఆయన మేనత్త ఛత్రపూర్ నుంచి చూడ్డానికొచ్చింది. వస్తూనే నా ఒళ్ళోకి చూసి, "ఆ పాడు డబ్బా ఏడికే పోయిందట కదమ్మా, మీ అత్త సెప్పింది. ఇంకా ఇంట్లో ఎందుకుంచుకున్నారు దాన్ని, పారెయ్యక," అంది. అత్తయ్య అక్కడే పళ్ళెంలో అరటిపళ్ళు సర్దుతోంది. కాదనలేదు, తలెత్తలేదు. మేనత్తగారు కాఫీ తాగి వెళ్ళేదాకా ల్యాప్‌టాప్‌నే తిట్టింది. నేను లారీని రోడ్డు పక్కన ఆపి, ఆవిడ ఆటో ఎక్కాక మళ్ళీ తీశాను.

కానీ ఆ మాట మాత్రం నాతోనే ఉండిపోయింది. అయితే అత్తయ్య అలా అనుకుంటోందన్నమాట. నిజంగా నేనే చేసుకున్నానా? కాదని డాక్టరమ్మ చెప్పింది, కాదని నాకూ తెలుసు. పిల్లలకి కంప్యూటర్ గురించి చెప్పేది నేనే, ఇప్పుడు దాన్ని చూసి అనుమానపడేదీ నేనే.

ల్యాప్‌టాప్ జబ్బు రోజురోజుకీ ముదిరిపోయింది. స్టీలు పళ్ళెం మీద పెట్టాను. కూలర్ ఎదురుగా పెట్టాను. ఏం చేసినా మంచు రోడ్డు సగంలో ఆగిపోయేది. మా ఆయనకి నన్నెలా బాగుచెయ్యాలో తెలీలేదు గానీ దాన్ని ఎక్కడ బాగుచేస్తారో తెలుసు. రిపేరు షాపుకి పట్టుకెళ్ళాడు. అక్కడతను విప్పి, ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ము ఊది, చిప్పు వేడి లాగడానికి రాసే పేస్టు ఎండిపోతే గీకి కొత్తది రాసిచ్చాడట. పరుపు మీద పెడితే గాలి పోయే దారి మూసుకుపోతుందట, గట్టిదాని మీద పెట్టాలట. "పేరుకే ల్యాప్‌టాప్ అట, ఒళ్ళో మాత్రం..." అని మా ఆయన నవ్వుతూ మొదలెట్టి, నా మొహం చూసి ఆపేశాడు.

నేను మళ్ళీ ఒళ్ళోనే పెట్టుకున్నాను. కావాలనే. తొడలు చురుక్కుమనేవి. ఒంట్లో ఏదైనా తెలుస్తోందంటే అదొక్కటే, అందుకే తియ్యబుద్ధయ్యేది కాదు. నాలుగు రోజులు బుద్ధిగా ఉన్న ల్యాప్‌టాప్ మళ్ళీ ఆగిపోవడం మొదలెట్టింది.

అవి అత్తయ్య అప్పడాలు పెట్టే రోజులు. ఓ మధ్యాహ్నం ఫ్యాన్ గోల వంటింటిదాకా వినిపించిందేమో, ఆవిడ అప్పడాల పీట చేత్తో పట్టుకుని వచ్చింది. పొట్టి కాళ్ళ గుండ్రటి చెక్క పీట, అంచున ఇంకా పిండి ఉంది. దాన్ని మంచం మీద పెట్టి, నా ఒళ్ళోంచి ల్యాప్‌టాప్ లాక్కుని పీట మీద పెట్టింది. అరచేతులు చీరకి రాసుకుంది.

"ఇంత ఏడి ఎలాగోర్సుకుంటన్నావే? గట్టిదాని మీద ఎట్టమన్నాడట కదా. అబ్బాయి సెప్పాడు."

ఇంక నా వల్ల కాలేదు. "అత్తయ్యా, దీనివల్లే పోయిందని మీరు అనుకుంటన్నారా?" అని అడిగేశాను.

"డాక్టరమ్మ కాదంది కదా. కాదు."

"మరి మేనత్తగారికి అలా సెప్పారేటి?"

ఆవిడ మంచం అంచున కూర్చుంది. "ఆవిడొక్కతికేటి, అడిగినోళ్ళందరికీ అదే సెప్పాను. ఏదో ఒకటి సెప్పకపోతే ఊరుకోరమ్మా. జాతకం సూపించమంటారు, ఉద్యోగం మానిపించమంటారు, పిల్ల ఒంట్లోనే ఏదో ఉందంటారు. డబ్బా అని సెప్తే డబ్బాని తిట్టుకుని ఎల్లిపోతారు. తిట్టుకోనీ, దానికేటి?"

ఆవిడ లేవబోయి, మళ్ళీ కూర్చుని, పీట అంచున పిండి కొంగుతో తుడిచింది.

"మీ ఆయన కంటే ముందు నాకూ ఒకటి పోయింది. ఐదో నెల. అప్పుడు నాకు సెప్పుకోడానికి ఏ డబ్బా లేదు. నన్నే అన్నారు."

నాకు అప్పుడు ఏడుపొచ్చింది. ఆసుపత్రిలో రానిది, ఇంటికొచ్చాక రానిది, మంచం ఊగిపోయేంతగా వచ్చింది. అత్తయ్య ఊరుకోమనలేదు. పీట మీంచి ల్యాప్‌టాప్ జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, నేను ఆపేదాకా అక్కడే కూర్చుంది.