ఫలక్‌నుమా బడిలో సముద్రం

చీరాల నుంచి నేను హైదరాబాద్ బయలుదేరింది చార్మినార్ చూడ్డానికి కాదు, నా డ్రాయింగ్ పీరియడ్ నిలబెట్టుకోవడానికి. మాది ఎయిడెడ్ ఎలిమెంటరీ స్కూలు. పద్దెనిమిదేళ్ళుగా అక్కడ డ్రాయింగ్ మాస్టర్ని. ఫిబ్రవరిలో ఒకరోజు హెడ్మాస్టరుగారు పిలిచి, జూన్ నుంచి బొమ్మల పీరియడు తీసేసి లెక్కలకి ఇవ్వాలని కమిటీ అనుకుంటోందన్నారు.

"వచ్చే సోమవారం కమిటీ కూర్చుంటుంది. పిల్లల చేతిపని ఏమైనా ఉంటే చూపించండి. లేకపోతే ఇక మీరూ లెక్కలే చెప్పాలి."

లెక్కలంటే నాకు ఇప్పటికీ జ్వరం వస్తుంది. నా బీరువాలో ఉన్నవి మామిడికాయలు, తామరపువ్వులు, రామచిలకలు. నేను బోర్డు మీద వేస్తాను, పిల్లలు చూసి వేస్తారు, వంకర పోయినచోట మళ్ళీ నేనే పెన్సిలు పుచ్చుకుని దిద్దుతాను. అందుకని నలభై మామిడికాయలూ అచ్చం ఒక్కలాగే ఉంటాయి. కమిటీవారికి అవి మొహం మొత్తి చాలాకాలమైంది.

సరిగ్గా అప్పుడే మా మేనల్లుడు ప్రసాద్ ఉత్తరం వచ్చింది. వాడు హైదరాబాద్‌లో గవర్నమెంటు గుమాస్తా, కాపురం మలక్‌పేటలో. ఫలక్‌నుమా దగ్గర ఒక చిన్న బళ్ళో ఎస్తేరు అనే టీచరు పేరున్న చిత్రకారుల బొమ్మలూ, దేశదేశాల కళలూ చూపించి రెండో తరగతి పిల్లల చేత వింత వింత పనులు చేయిస్తోందట. వాళ్ళ ఆఫీసు ప్యూను కూతురు అక్కడే చదువుతోందట. "మామయ్యా, ఒకసారి వచ్చి చూడు" అని రాశాడు. చూడ్డమే కాదు, కొన్ని అడిగి తెచ్చుకుందామనుకున్నాను. అట్టలకి అతికించి మా పిల్లలవేనని చూపిస్తే, కాదని చెప్పడానికి ఫలక్‌నుమా నుంచి చీరాలకి ఎవరొస్తారు?

గురువారం సాయంత్రం అయిదున్నరకి ప్యాసింజరెక్కి, విజయవాడలో బండి మారి, శుక్రవారం ఉదయం ఆరున్నరకి సికింద్రాబాద్‌లో దిగాను. ప్రసాద్ స్టేషనుకొచ్చాడు. వాళ్ళింట్లో స్నానం చేసి ఇడ్లీ తిన్నాను. పచ్చడి మన రుచి రాలేదు గాని, ఆ మాట ప్రసాద్ భార్యతో అనకుండా అయిదు తిన్నాను. ఎనిమిదింబావుకి బస్సు దొరికింది. ఫలక్‌నుమా వెళ్తుందా అని కండక్టర్ని అడిగాను.

"గక్కడిదాంక పోదు సార్. చార్మినార్ కాడ దిగి మారాలె."

పక్కన ఒడిలో గాజుల పెట్టె పెట్టుకుని కూర్చున్నతను నావైపు తిరిగాడు. "ఎవరింటికి బాపు?"

"బడికి."

"గీ వయసులనా!" అని బస్సంతా వినబడేలా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

చార్మినార్ దగ్గర అరగంట బస్సు లేదు. తొందరగా వెళ్ళాలనుకునేవాళ్ళకి అది కష్టమే గాని, బొమ్మలు వేసేవాడికి ఆ అరగంట చాలదు. గాజుల దుకాణాల మీద ఎండ పడి ఆ రంగులు తళతళలాడుతుంటే, నా దగ్గర ఎప్పుడూ ఆకుపచ్చ ఒక్కటే ఎందుకు ముందు అయిపోతుందో అర్థమైంది. మామిడికాయ తప్ప ఏం వేశాను గనక!

తొమ్మిదిన్నరకి బడి చేరాను. రెండు రేకుల గదులు. చదివేది రైల్వే కూలీల పిల్లలు, చిన్న చిన్న కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు. ఎస్తేరు టీచరు నలభై ఏళ్ళ మనిషి, భర్త రైల్వేలో ఫిట్టరు. గొంతు గట్టిది, నవ్వు అంతకంటే గట్టిది. గోడలు చూసి నేను నోరు తెరిచి నిలబడిపోయాను.

ఒక గోడ నిండా ఎరుపు, పసుపు, నీలం ఆకులు. పతంగుల దుకాణంలో కత్తిరించగా మిగిలిన కాగితం ముక్కలు ఆమె బస్తాతో తెచ్చుకుంటుంది. మంచాన పడ్డాక రంగు కాగితాలు కత్తిరించి బొమ్మలు చేసిన ఫ్రెంచి చిత్రకారుడొకాయన కథ చెప్పి, వాటితోనే చేయించింది. "గా తాతకు లేవనీకె రాకపాయె, కత్తెర వట్టిండు. మనకు కాళ్ళు చేతులు మస్తుగున్నయ్, మనకేం తక్కువ అన్న" అంది.

రెండో గోడకి ఆఫ్రికా పద్ధతి మాస్కులు. పాత అట్టపెట్టెలు కోసి, ఇంట్లోవాళ్ళకి కోపం వచ్చినప్పటి మొహాలు చేయమందట. చాలామంది తండ్రులు వచ్చి తమని తాము గుర్తుపట్టి వెళ్ళారట. నవాబుల కాలం చిత్రాల్లోలా మెరుపు అద్దడానికి మిఠాయిల మీద వేసే వెండిరేకు తెచ్చిన రోజు మాత్రం లెక్క తప్పింది. పాతబస్తీ పిల్లలకి అది తినే వస్తువని చిన్నప్పుడే తెలుసు.

"సగం బొమ్మల మీదికి వోయింది సార్, సగం కడుపులల్లకు వోయింది" అని టీచరు నవ్వింది.

ఆ రోజు పాఠం అల. జపాను చిత్రకారుడు వేసిన పెద్ద కెరటం బొమ్మ పాత క్యాలెండర్లోది గోడకి అంటించింది.

"సముద్రం మీరు జూడలే, నేను జూడలే. మీరు జూసిన నీళ్ళే ఎయ్యుండ్రి" అంది. బొమ్మ పూర్తయ్యాక వెనక ఎవరి పేరు వాళ్ళు రాసి, లేచి అదేమిటో చెప్పాలి. తక్కినవాళ్ళు చప్పట్లు కొట్టాలి. అది అక్కడి పద్ధతి.

సునీత అనే ఏడేళ్ళ పిల్ల నా పక్కనే కూర్చుని వేస్తోంది. దాని అల గోడలా నిట్టనిలువుగా లేచింది, కింద బిందెల వరస. నేను సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి. అల అలా ఉంటుందా? చెయ్యి ఊరుకోలేదు. పెన్సిలు తీసుకుని అలని ముందుకి వంచాను, నురగ పెట్టాను, బిందెలు చెరిపి ఒక పడవ వేశాను. నిజం చెప్పొద్దూ, బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది.

సునీత కాగితం నావైపు జరిపింది. "గిది నాది గాదు" అంది.

"పేరు రాయి బిడ్డా" అంది టీచరు.

"నేన్ రాయ. సార్‌ది గిది. మా గల్లీల నల్లా పైపు పలిగితె నీళ్ళు పైకే లేసినయ్. నేను గదే ఏసిన."

ఎస్తేరు టీచరు కోప్పడలేదు. "మరి మీరే రాయుండ్రి సార్. ఏసింది మీరే గద" అంది మామూలుగా.

రాశాను. లేచి నిలబడి, ఇది మా చీరాల సముద్రం అని చెప్పాను. పద్ధతి ప్రకారం పిల్లలంతా చప్పట్లు కొట్టారు. అంత గట్టి చెంపదెబ్బ నేనెప్పుడూ తినలేదు. సునీత అప్పటికే కొత్త కాగితం తీసుకుని బిందెలు మొదలుపెట్టింది.

శనివారం ఒంటిపూట బడి, మళ్ళీ వెళ్ళాను. మా ఊళ్ళో చూపించుకుంటానని అడిగితే పిల్లలు ఎనిమిది బొమ్మలు ఇచ్చారు. సునీత కూడా తన నిలువు అల ఇచ్చింది. ఎందుకు, ఏమిటి అని టీచరు అడగనే లేదు. ఆ నమ్మకం నాకు గుచ్చుకుంది. అయినా వచ్చేదారిలో ఎనిమిది అట్టలు, జిగురు సీసా కొన్నాను.

మధ్యాహ్నం రెండున్నర బండి. కిటికీ పక్క సీటు దొరికింది. హైదరాబాద్ వెళ్ళే ఉపాధ్యాయులు కోటలూ మ్యూజియమూ చూడండి, కాదనను. ఒక పూట మిగుల్చుకుని ఆ రేకుల గదులకి కూడా వెళ్ళండి. మన జిల్లాలో ఏ ఎగ్జిబిషన్లోనూ అంత బతుకున్న గోడలు నేను చూడలేదు. జేబులో పెన్సిలుంటే మాత్రం బయటే వదిలి వెళ్ళండి.

కాజీపేట దాటాక అట్టలూ బొమ్మలూ తీసి ఒడిలో పెట్టుకున్నాను. ఎదురుగా బెజవాడ వెళ్ళే బ్యాంకు ఉద్యోగి ఒకాయన బొమ్మలు చూసి ముచ్చటపడ్డాడు.

"భలే ఉన్నాయి మాస్టారూ. మీ స్కూలు పిల్లలవేనా?"

అవునని నోటిదాకా వచ్చింది. చేతిలో ఉన్నది సునీత బొమ్మ. వెనక దాని పేరు, కాగితం చిరిగేంత ఒత్తిపట్టి రాసింది. తనది కానందుకు అందమైన అలని వద్దంది ఆ పిల్ల. నేనేమో ఎనిమిది పేర్ల మీద జిగురు పూయడానికి కూర్చున్నాను. అట్టలు తీసి పక్కన పెట్టేశాను.

"కాదండీ, ఫలక్‌నుమా పిల్లలవి" అన్నాను.

"మరి మీ పిల్లలు వేసినవి?"

"లేవండీ. పద్దెనిమిదేళ్ళుగా అన్నీ నేనే వేస్తున్నాను. వాళ్ళని ఇంకా వెయ్యనివ్వలేదు."

సోమవారం కమిటీకి చెప్పవలసిందీ అదే.