తల దొరకని జంతువు

ఆ రోజుల్లో నేను శ్రీకాకుళంలో ఒక కాలేజీ లాబులో టెంపరరీ అటెండర్ని. సీసాలు కడగడం, కప్పల్ని పట్టుకురావడం, జువాలజీ మేస్టారు కసురుకుంటే తలొంచుకోవడం నా ఉద్యోగం. సాయంత్రానికి ఒళ్లు హూనమైపోయేది. ఇప్పుడు తలుచుకున్నా నీరసమే వస్తుంది.

మా నాన్న నరసన్నపేటలో ఉండేవాడు. గుళ్లకి వాహనాలు చేసే ఇల్లు మాది. గరుడుడైనా, హంసైనా, ఏనుగైనా రంగులన్నీ అయ్యాక స్నానం చేసి వచ్చి ఆఖరున కళ్లు దిద్దేవాడు. అప్పటిదాకా ఆయన లెక్కలో అది వట్టి కర్ర. చూపు మందగించి, చెయ్యి వణకడం మొదలయ్యాక గుడివాళ్లు కబురు పెట్టడం మానేశారు. రెండేళ్లుగా అరుగు మీద కూర్చుని నూరిన ఉలులే మళ్లీ నూరుకుంటున్నాడు. చూడలేకపోయేవాణ్ణి.

ఆ ఏడు కాలేజీ ఎగ్జిబిషన్‌కి మేస్టారు ఒక డైనోసార్ బొమ్మ కావాలన్నారు. గోదావరి దగ్గర నేలలో దొరికిన రాకాసి బల్లిట. తొడ ఎముకే మనిషంత ఉందట. అంత జంతువూ ఆకులూ అలములూ తినే బతికిందట. ఎముకలు పరిశోధనకి కలకత్తా వెళ్లాయి, పేరు ఇంకా పెట్టలేదు. మా నాన్న చేస్తాడని నేనే ముందుకొచ్చాను. ఆయన చేసిన పని ఇంకొక్కటి నలుగురూ నిలబడి చూడాలని నా ఆశ.

నాన్న వచ్చి నా గదిలో దిగాడు. రెండు వారాలు లాబు వరండాలో వెదురు బద్దలు వంచి, గోనెపట్టా చుట్టి, కాగితపు గుజ్జు మెత్తి, ఎడ్లబండంత జంతువుని నిలబెట్టాడు. మేస్టారు దాని చుట్టూ తిరిగి మురిసిపోయారు. మెడ దాకా వచ్చాక ఇక చాలన్నారు.

"తల దొరకలేదండీ. ఏవో కొన్ని పళ్లు దొరికాయంతే. తెలియనిది మనం చెయ్యకూడదు. మెడ దగ్గర ఆపెయ్యండి."

"తల నేకపోతే ఏటి తిని బతికుంటాది బాబూ?" అన్నాడు నాన్న.

"తల ఉండేదండీ. ఎలా ఉండేదో ఎవరికీ తెలీదు."

మేస్టారు వెళ్లాక నాన్న నా మీద పడ్డాడు. "మొండేన్ని సేసి జనంలో పెట్టమంతన్నాడేటిరా? మనింట్లో ఎవులైనా ఇలాటి పని సేసేరా?"

ఇద్దరి మధ్యా నలిగి ఉన్నాను. "ఏదో ఒకటి చెయ్యి నాన్నా, నాకు ఓపిక లేదు" అనేశాను.

మర్నాడు మేస్టారు నన్ను సామాను తెమ్మని విజయనగరం పంపారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి జంతువుకి తల వచ్చింది. ఆవు ముఖం. గడ్డి తినే జీవానికి ఆయనకి తెలిసిన ముఖం అదే మరి. ఎంత నెమ్మదైన ముఖమో చెప్పలేను. కళ్ల చోటు మాత్రం తెల్లగా వదిలేశాడు.

"కళ్లు దిద్దనేదు" అన్నాడు నాన్న. "దీని మొకం ఎవులూ సూడనేదంతన్నారు గదా. సూసినోలొస్తే ఆలే దిద్దుతారు."

ఆయన గదికి వెళ్లాక మేస్టారు వచ్చి చూశారు. కోప్పడనైనా లేదు. రంపం తెచ్చి తీసెయ్యమన్నారు. "పిల్లలకి పాఠం చెప్పేవాణ్ణి, రేపు నేను అబద్ధం చూపించలేనోయ్" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదని నాకప్పుడూ తెలుసు. కానీ నాన్నని పిలిచి ఒక్క మాట చెప్పాక కోద్దామండీ అని ఎందుకు అనలేకపోయానో నాకే తెలీదు. ఆ సాయంత్రం నాలో ఆ మాత్రం సత్తువ లేదు. నా చేత్తోనే కోశాను. తలని సంచిలో పెట్టి బల్ల కిందికి తోశాను. గదికెళితే నాన్న నాకు అన్నం వడ్డించి కూర్చున్నాడు. తిన్నాను గానీ చెప్పలేదు. సిగ్గులేని తిండి.

పొద్దున్నే ఆయన ఉతికిన పంచె కట్టి, భుజాన కండువా వేసుకుని ఎగ్జిబిషన్‌కి వచ్చాడు. జనాన్ని తప్పించుకుంటూ బొమ్మ దాకా వెళ్లాడు. కోసిన చోట చెయ్యి పెట్టి తడిమి చూశాడు. నావైపు తిరగలేదు. ఈలోగా పక్క ఊరి రైతు ఒకాయన నా దగ్గరకొచ్చి, "దీని తలకాయేదీ?" అని అడిగాడు. మేస్టారు నేర్పిన జవాబు చెప్పకుండా నాన్న వైపు చూశాను. రైతు మళ్లీ అడిగాడు.

నాన్నే అందుకున్నాడు.

"ఇంకా దొరకనేదంట బాబూ. ఎతుకుతన్నారంట."