వెండిని దుమ్మనుకున్న మిషన్

విజయనగరంలో ఒక స్టూడియో మూసేస్తున్నారని తెలిసి, పాత లెన్సు ఏదైనా దొరుకుతుందేమోనని వెళ్లి ఫిలిం స్కానర్‌తో తిరిగొచ్చాను. ఫిలిం ముక్కను మింగి, అందులోని బొమ్మను కంప్యూటర్‌కు పంపడం తప్ప ఇంకే పనీ చేతకాని పెట్టె అది.

"పన్జేస్తాదో సెయ్యదో నాకు తెలీదు మేస్టారూ. మీరు ఫిజిక్సు కదా, సూసుకోండి" అన్నాడు స్టూడియో ఆయన. ఆ మాటకే పడిపోయాను. శ్రీకాకుళంలో ఇరవై ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు కాంతి పాఠం చెబుతున్నవాణ్ణి, ఈపాటి పెట్టెకు లొంగుతానా?

లొంగాను. కొత్త లాప్‌టాప్‌కు తగిలిస్తే ఇదెవరో నాకు తెలీదంది. డ్రైవర్ సీడీ వేద్దామంటే లాప్‌టాప్‌కు సీడీ పెట్టే చోటే లేదు. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పెడితే, ఈ విండోస్‌లో ఇది నడవదని ఒకటే మాట. వారం రోజులు నోటికొచ్చినట్టు తిట్టాను. "ఆ పెట్టెకి ఇనబడదండీ, నాకు ఇనబడతన్నాది" అంది మా ఆవిడ.

స్కానర్‌కు దాని ఈడు కంప్యూటరే కావాలని అప్పటికి గాని బుర్రకెక్కలేదు. సాలూరులో మా బావకు లారీ ఆఫీసు ఉంది. అక్కడో మూల పాత కంప్యూటర్ పడి ఉండాలి. ఫోన్ చేశాను. "ఒరే బావా, లారీ నంబరు కొడితే గంటకి లేస్తాది. దాంతో నీకేటిరా పని?" అని నవ్వాడు. నవ్వుతూనే లారీ ఎక్కించి పంపాడు.

తగిలించాను. స్కానర్ గుర్రుమంది. నా కాలేజీ రోజుల కలర్ నెగిటివ్ ఒకటి తెర మీద పైనుంచి మెల్లగా దిగడం మొదలెట్టింది. అబ్బ, ఏం సంబరమో! అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది దుమ్ము తీసే బటన్. కంటికి కనిపించని పరారుణ కాంతితో ఇంకోసారి చూసి, దుమ్మునీ గీతల్నీ కనిపెట్టి మాయం చేస్తుంది. దీన్నెలా కట్టారా అని, కనబడిన నెగిటివ్‌నల్లా అందులో దూర్చాను.

మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ ఒకరోజు ఆ వింత చూసి కాసేపు నిలబడిపోయింది. మర్నాడు ప్లాస్టిక్ కవరు ముడి విప్పి నా చేతిలో ఒక ముక్క పెట్టింది. బ్లాక్ అండ్ వైట్ నెగిటివ్.

"మా అయ్య, మేస్టారూ. ఉన్న ఒక్క ఫొటో తుఫాన్లో నాని ముద్దయిపోనాది. తమ్ముడు కొత్తిల్లు కట్టినాడు. మాయమ్మ గడప తొక్కనంతంది. అయ్య ఫొటో ముందెల్లాల, ఆ ఎనకే నేనంతంది. షాపోల్లేమో ఇప్పుడియి సెయ్యట్లేదన్నారు. గ్రుహప్రేశం పది రోజుల్లోకొచ్చేసినాది."

అదెంతసేపు పని అన్నాను. బటన్ నొక్కాను. గీతలన్నీ పోయి ఆయన కడిగిన ముత్యంలా వచ్చాడు. నాకు మీసం మీద చెయ్యి పోయింది. ఫ్రేమ్ కట్టించి మరీ ఇచ్చాను.

రెండు రోజులకు ఆ ఫ్రేమ్ పట్టుకుని, చేపల తట్ట లేకుండా వచ్చింది. "ఈడెవుడే అంతంది మాయమ్మ. పరాయి మగోడి ఎనకాల నన్ను ఇంట్లోకెల్లమంతావా అని తిట్టిపోసినాది. నాకూ తేడాగానే అగుపడ్నాది మేస్టారూ. సదువుకున్నోల్లు కదాని నోరు మూసుకున్నాను."

ఒళ్లు మండింది. నెగిటివ్ మీరే ఇచ్చి, మనిషి వేరంటారేమిటి అని అరిచాను కూడా. కానీ అనుమానం పురుగులా బుర్రలో దూరింది. బటన్ ఆపి మళ్లీ స్కాన్ చేశాను. దుమ్ము, గీతలు, వాటి మధ్య ఆయన. రెండు బుగ్గల నిండా, ముక్కు మీదా మశూచి గుంటలు.

"అదీ! అదీ మా అయ్య!" అని కేకేసింది.

మిషన్‌తో వచ్చిన పుస్తకం అప్పుడు తీశాను. బ్లాక్ అండ్ వైట్ ఫిలింకు ఆ బటన్ వాడొద్దని రాసే ఉంది. కలర్ ఫిలింలో బొమ్మ రంగులతో ఉంటుంది, పరారుణ కాంతి దాన్ని దాటిపోతుంది. బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మంతా వెండి రేణువులే. వెండి ఆ కాంతికి అడ్డం పడుతుంది, మిషన్ దాన్నీ దుమ్మే అనుకుంటుంది. అలా ఆయన ముఖాన్ని అలికేసింది. ఛీ, నేనూ ఒక ఫిజిక్సు మేస్టారునే! సిగ్గుతో చచ్చిపోయాను.

ఈసారి గీతల్ని చేత్తోనే తీశాను. ఏది గీతో ఏది మచ్చో నాకు తెలియదు కాబట్టి ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను. "అది తీసీండి. అది ఉంచండి, ముట్టుకోకండి" అని వేలితో చూపించింది. మూడు మధ్యాహ్నాలు పట్టింది.

గృహప్రవేశం పొద్దున ఫొటో నేనే పట్టుకెళ్లాను. పంతులు తొందరపెడుతున్నాడు. ముసలావిడ పక్కింటి అరుగు మీద కదలకుండా కూర్చుంది. ఫొటో ఒళ్లో పెట్టాను. చూపుడువేలితో ఒక్కొక్క గుంటనూ తడిమి, "ఈడే" అంది. కొడుకు ఫొటో అందుకుని లోపలికి నడిచాడు. ఆవిడ వెనకే వెళ్లి గడప ముందు ఆగింది.

"మచ్చలు చెరిపేశాను, తప్పు నాదేనమ్మా" అన్నాను.

"పెళ్లయిన ఏడే ఈడికి అమ్మోరు పోసినాది బాబూ. బతకడని అందరూ ఒగ్గేసినారు. ఏపాకుల మీద ఏసి, పగలూ రేత్రీ నేనొక్కద్దాన్నే కాసుకున్నాను. ఆ మచ్చలు ఆడియేటి? నాయి" అని కుడికాలు లోపల పెట్టింది.