మూరియా లోయలో విన్న పిలుపు

విలేకరిగా పనిచేసినన్నాళ్లూ న్యాల్‌కల్, రాయికోడ్ ఊళ్ల నుంచి దయ్యాల కబుర్లు చాలా వచ్చేవి. వెళ్లి చూస్తే పిల్లో, తాగుబోతో, పొలం తగాదానో బయటపడేది. అందుకే నాకు వాటి మీద నమ్మకం కుదరలేదు. ఇది మాత్రం నా చెవులతో విన్నది.

పోయిన ఏడాది నేనూ, నా భార్య శకుంతలా జహీరాబాద్ నుంచి పసిఫిక్ సముద్రంలోని తాహితీకి, అక్కడి నుంచి పడవలో మూరియా దీవికి వెళ్లాం. నీలం నీళ్ల మధ్య నిటారుగా లేచిన పచ్చటి కొండలు. దారి చూపే ఆమె పేరు హినా. "మన గల్లీల గూడ ఉన్నది ఓ హీనా" అని శకుంతల మురిసిపోయింది.

లోయలో చెట్ల నీడన నాచు పట్టిన రాతి వేదిక చూపించింది హినా. పూర్వం అక్కడ దేవుళ్లను కొలిచేవారట. క్రైస్తవ బోధకులు వచ్చాక ఆ పూజలు ఆగిపోయాయట. దేన్నీ ముట్టుకోవద్దు, ఏదీ తీసుకుపోవద్దు అని ఇంగ్లిషులో చెప్పి ముందుకు నడిచింది.

"పాపం, ఎన్నేండ్లాయెనో గీ దేవునికి కాయ కొట్టక" అంటూ శకుంతల, పొద్దున అంగట్లో కొన్న కొబ్బరికాయ తీసి వేదిక మీది నిలువురాయికి కొట్టేసింది. ఒక చిప్ప అక్కడ పెట్టి, రెండోది సంచిలో వేసుకుంది. చప్పుడుకు వెనక్కి వచ్చిన హినా ముఖం పాలిపోయింది. సంచిలోదీ వదిలేయమంది.

"పర్సాదం ఎవలన్న ఇడిశిపెట్టి పోతరా?" అని శకుంతల నవ్వింది.

సాయంత్రానికి శకుంతల ఒళ్లు జ్వరంతో కాలిపోయింది. డాక్టరు పరీక్షల్లో ఏమీ తేలలేదు. తెల్లారేసరికి నన్ను గుర్తుపట్టడం మానేసింది. మేం దిగిన బస యజమానురాలిని ఆమె పక్కన కూర్చోబెట్టి, ఆ చిప్ప తీసుకుని హినాతో లోయకు బయల్దేరాను. నమ్మి కాదు. ఇంకేం చేయాలో తోచక.

దారి మధ్యలో, వెనక నుంచి శకుంతల గొంతు.

"జర ఆగున్రి, నేనొస్తున్న."

బసలో ఆమె ప్రాణం పోయిందనే అనుకున్నాను. తిరగబోతుంటే హినా నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. పలకొద్దని తల ఊపింది.

వేదిక చేరి, చిప్ప రాయి దగ్గర పెట్టి, బసకు ఫోన్ చేశాను. ఆమె మంచం దిగనేలేదని, ఇప్పుడే చెమట పట్టి నిద్రలోకి జారిందని యజమానురాలు చెప్పింది.

నా భ్రమేమోనని, ఏం విన్నావని హినాను అడిగాను. తెలుగు ఒక్క ముక్క రాని ఆ మనిషి, తడబడుతూ, "జరాగున్రి" అంది.

శకుంతల కోలుకుంది. ఆ రోజు సంగతి ఆమెకు గుర్తులేదు. ఆ పిలుపు ఎక్కడిదో నేను ఇప్పటికీ చెప్పలేను. ఇంట్లో శకుంతల గొంతు వెనక నుంచి పిలిస్తే మాత్రం వెంటనే పలకను. ముందు వంటింట్లోకి తొంగిచూసి, ఆమె అక్కడ ఉందని చూసుకుంటాను.

"చెవుడొచ్చిందా ఏంది మీకు?" అంటుంది.

అవునంటాను.