ఆంజనప్ప వేసిన ముడి

ఆంజనప్ప వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, మగ్గం మీద అయిపోవచ్చిన పాత వార్పు నిలువు పోగుల్లోంచి ఒక రేషం పట్టుపోగు ఏరాడు. కొత్త వార్పు నుంచి దాని జోడీ పోగు తీశాడు. రెండు కొసలనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మెలితిప్పి, వెనక్కి మడిచి ఒక్కసారి రుద్దాడు. రెండు పోగులు ఒకటైపోయాయి. అతుకు ఎక్కడుందో ఇక ఆయన కూడా చెప్పలేడు.

ధర్మవరంలో ఎవరి మగ్గం మీద వార్పు అయిపోయినా ఆయనకు కబురొస్తుంది. ఆ ఇంటికి పోయి కూర్చుని వేల పోగులు ఇట్లా ఒక్కొక్కటే అతుకుతాడు. ముడి మాత్రం వేయడు. ముడి వేస్తే అది మగ్గం దువ్వెన పళ్ల మధ్య తట్టుకుని పోగు తెగుతుంది. పని రానివాళ్లే ముడి వేస్తారని ఆయన లెక్క.

ఆ రోజు ఆ ఇంటికి రేషం దించడానికి హిందూపురం నుంచి జయరాజు వచ్చాడు. మూటలు అరుగు మీద పెట్టి లోపలికి తొంగిచూశాడు.

"ఏమప్పా ఆంజనప్పా, పెనుకొండలో ఎన్ని గోల్స్ తినొస్తిరి?"

"ఒకటే."

"పర్వాల్యా, శానా బాగుపడినారే! పోయినసారి మావోళ్లు ఐదు పెట్టిరి." జయరాజు గడప మీద కూర్చున్నాడు. "సరే గానీ, ఆదివారం మా ఊరికి రా. బస్సు దుడ్లు నేనిస్తా."

"మీ ఊరికెందుకు? ఆదివారం మీవోళ్లతో ఆట ఈడ కదా."

"మీ వల చినిగిపోయిందంట కదప్పా. శనివారం లోపల మంచి వల చూపిస్తేనే ఈడ, లేకుంటే హిందూపురంలో అని పోటీలోళ్లు తేల్చేసినారంట. మీ కెప్టెన్ సాయినాథ్ చెప్పలేదా?"

ఆంజనప్ప చేతిలో పోగు జారిపోయింది. ఆయన మళ్లీ బూడిద అద్దుకుని దాన్ని వెతుక్కున్నాడు.

రైల్వే గేటు అవతల మైదానంలో మగ్గాల వీధి కుర్రవాళ్లు ఫుట్‌బాల్ జట్టు కట్టిన నాటి నుంచి ఆంజనప్ప వాళ్ల ఆట చూస్తున్నాడు. తాను ఏనాడూ బంతిని తన్నలేదు. ఒకడి కాలి నుంచి ఇంకొకడి కాలికి బంతి తడబడకుండా పోవడం చూస్తే ఆయనకు బాగుంటుంది. అట్లా రెండుసార్లు పోతుంది. మూడోసారి అవతలివాడి కాలికి చేరుతుంది.

ఆ జట్టు ఓడిపోవడానికి కారణాలు ఆయనకు బాగా తెలుసు. పొద్దంతా మగ్గం గుంతలో కాళ్లు వేలాడేసి కూర్చున్నవాళ్లు సాయంత్రం లేచి ఎంత పరిగెత్తగలరు? పెళ్లిళ్ల కాలం వస్తే చీరల తొందర. గోల్‌కీపర్ మగ్గం దిగడు, గోల్ కొట్టేవాడు అంచు వేయడం ఆపడు. తొమ్మిదిమందితో ఆడిన ఆటలున్నాయి. అన్నీ తెలిసి కూడా, బంతి మనవాళ్ల దగ్గరికి వచ్చిందంటే ఆయన గుండె కొట్టుకుంటుంది. అదే విసుగు. పూర్తిగా చేతకానివాళ్లయితే వదిలేసి ఇంటికి పోవచ్చు. వీళ్లు ప్రతిసారీ ఇదిగో గెలిచేస్తాం అన్నట్టే ఆడతారు.

ఇంటికి రాగానే భార్య రామాంజినమ్మ వంటింట్లోంచే అడుగుతుంది.

"మళ్లా ఓడిపోయినారా?"

"నీకెట్ల తెలిసె?"

"చెప్పులు విడిచిన సప్పుడుతోనే తెలుస్తాది."

"ఇంగ పోనే పోను."

"ఆ మాటా పోయిన వారం విన్నిందే. కాళ్లు కడుక్కోని రా."

పెనుకొండ నుంచి వచ్చినప్పుడు మాత్రం ఆయన ఇంక పోనని అనలేదు. నేరుగా కంచం ముందు కూర్చున్నాడు. అది చూసే రామాంజినమ్మకు భయం వేసింది.

పెనుకొండలో జరిగింది ఇది. ఈ పోటీల్లో ఏ జట్టు వల ఆ జట్టే తెచ్చుకుని, మొదటి సగంలో తాము కాచే గోలుకు కట్టాలి. సగం ఆట అయ్యాక జట్లు పక్కలు మారతాయి గానీ వలలు కట్టినచోటే ఉంటాయి. కాబట్టి రెండో సగంలో ఎవరైనా తమ వలలోకే గోల్ కొట్టాలి. పెనుకొండవాళ్లు ఒక గోల్ ముందున్నారు. ఆట అయిపోవస్తుండగా సాయినాథ్ దూరం నుంచి కొట్టాడు. బంతి స్తంభం లోపలి పక్కగా దూరి, వల దాటి, అవతల చింతచెట్టు కిందికి పోయింది. అంతమంది ఆటగాళ్ల మధ్య రిఫరీకి సరిగా కనపడలేదు. బంతి వలలో లేదు, చెట్టు కింద ఉంది. స్తంభం బయటినుంచి పోయిందన్నాడు. మనవాళ్లు వలలో బొక్క చూపించారు. అది ముందునుంచే ఉందేమో అన్నాడు. ఆట అయిపోయింది.

అంతకుముందు వారం ఆ వల చిరిగితే బాగుచేసింది ఆంజనప్పే.

వార్పు పని ముగించుకుని ఆయన నేరుగా సాయినాథ్ ఇంటికి పోయాడు. జట్టు కెప్టెన్ సాయినాథ్ పగలంతా చీరల కొట్టులో పనిచేస్తాడు. అప్పుడే వచ్చి టీ తాగుతున్నాడు.

"వల యాడుంది?"

"మూల పడేసినా అన్నా. ఎలుకలు కొట్టినట్టుండాయి. పాత సరుకు."

ఆంజనప్ప వలను వాకిట్లో పరిచి బొక్క దగ్గర గొంతుక్కూర్చున్నాడు. కొసలు కొరికినట్టు లేవు, తెగినట్టూ లేవు. శుభ్రంగా, నిగనిగలాడుతూ విడిపోయి ఉన్నాయి. వాటిమీద బూడిద కూడా ఇంకా అంటుకునే ఉంది. నైలాను తాడును ఆయన రేషం పోగులాగే మెలితిప్పి అతికాడు. చేతితో లాగి చూసినప్పుడు నిలిచింది. బంతి దెబ్బకు నిలవలేదు.

"ఎలుకలు కాదబ్బా. నా అతుకే ఊడింది. నీ గోలు పోయింది దీనివల్లనే."

సాయినాథ్ గ్లాసు కింద పెట్టాడు. 

"మనం ఓడిపోయేది వలలతో కాదులే అన్నా. ఆడకనే గదా."

"ఆ పొద్దు ఆడినారు కదా" అన్నాడు ఆంజనప్ప.

సాయినాథ్ వంగి వల కొస చేతిలోకి తీసుకున్నాడు. "ఆదివారం ఈడ ఆడకపోతే సగంమంది మానుకుంటారన్నా," అన్నాడు. "హిందూపురం పోయి రావాలంటే ఒక పొద్దు పని పోతాది. ఇంట్లో ఒప్పుకోరు. జట్టు ఈడికే అయిపోతాది."

మర్నాడు ఆంజనప్ప పనికి పోలేదు. ముదిగుబ్బ బస్సెక్కాడు. ఆ దారిలో పొలాల్లో గొర్రెల మందలను వలలు కట్టి ఆపడం ఆయన బస్సులోంచి ఎన్నోసార్లు చూశాడు. పొట్టేళ్లు కుమ్మినా ఆ వలలు ఊడవు. ముదిగుబ్బకు ముందే దిగి, రోడ్డు పక్క మంద దగ్గరికి నడిచాడు. అక్కడ ఉలిగమ్మ అనే ముసలావిడ కాళ్లు చాపుకుని వల అల్లుతోంది.

"ఏమప్పా, పొట్టేలు కావల్నా?"

"పొట్టేలు వద్దమ్మా. నీ ముడి నేర్పియ్యి."

విషయం విని ఉలిగమ్మ నోట్లో ఆకు పక్కకు తోసుకుని నవ్వింది. "బంతికి దొడ్డి కడతారా! అది తప్పించుకుని పోతే ఏమి మేస్తాది?" అని, ఆయన చెయ్యి పట్టి తిప్పి చూసింది. "ఈ మెత్తని చేతులతోనా? సరే, కూకో."

కింది కన్నంలోంచి తాడును పైకి తీసి, బొటనవేలితో నొక్కిపట్టి, వెనకనుంచి చుట్టి, వేసిన చుట్టులోంచే దూర్చి కిందికి లాగాలి. కన్నాలన్నీ ఒకే కొలతలో రావడానికి తాడును ఒక చెక్కముక్క మీదుగా తిప్పాలి. ఆంజనప్పకు ఒకసారి చూస్తే వచ్చేసింది. చిన్నగా, ముచ్చటగా ఒక ముడి వేసి ఇచ్చాడు. ఉలిగమ్మ దాన్ని కాలి బొటనవేలికి తగిలించి లాగింది. ముడి జారిపోయింది.

"నున్నగా సన్నగా వేస్తివి. గొర్రె చూసి మెచ్చుకుంటాదా ఏమి? లావుగా వెయ్యి. కనపడాల."

ఆ మాట మింగడమే ఆయనకు కష్టమైంది. ఇన్నేళ్లూ అతుకు కనపడకుండా ఉండడానికే ఆ వేళ్లు అరిగాయి. రెండో ముడి కూడా జారింది. మూడోదానికి తాడును చేతికి చుట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, ఒళ్లంతా వాల్చి లాగాడు. ఉలిగమ్మ లేచి నిలబడి లాగినా అది కదలలేదు.

"ఆ! ఇప్పుడు గొల్లోడివైనావు" అంది.

ఇంటికొచ్చి ఆయన ఒక్క బొక్కతో ఆగలేదు. ఆ వలలో తాను అంతకుముందు వేసిన అతుకులన్నీ వెతికి విప్పేశాడు. రామాంజినమ్మ వలను వసారా స్తంభానికి బిగించి పట్టుకుంది. ఆయన చెక్కముక్క మీదుగా తాడు తిప్పుతూ కన్నం తర్వాత కన్నం కట్టుకుపోయాడు. నైలాను కోసి వేళ్లు ఎర్రబడ్డాయి.

"గుడ్డ చుట్టుకోరాదూ?"

"గుడ్డ ఉంటే బిగువు తెలీదు."

"గెలిచే జట్టుకైనా ఇంత చేస్తారో లేదో" అంది ఆమె, వలను ఇంకాస్త గట్టిగా లాగి పట్టుకుంటూ.

శనివారం మధ్యాహ్నం ఆయన వలను చుట్టి భుజాన వేసుకుని మైదానానికి పోయాడు. సాయినాథ్, ఇంకో ఇద్దరు గోలు స్తంభాల దగ్గర ముళ్లకంప తీసేస్తున్నారు. జయరాజు కూడా స్కూటర్ మీద వచ్చి నిలబడ్డాడు. వల చూసి చెప్పే పని పోటీలవాళ్లు హిందూపురంవాళ్లకే వదిలేశారట, వాళ్లు ఇతన్ని పంపారు.

వల విప్పి పరిచారు. పాత కన్నాల మధ్య కొత్త ముడులు పల్లికాయల్లా లావుగా కనపడుతున్నాయి.

"ఇదేందప్పా, నువ్వేనా కట్టింది?" జయరాజు వంగి చూశాడు. "అతుకు కనపడని చెయ్యి అంటారు కదా నిన్ను."

"లాగి చూడు."

జయరాజు కన్నంలో వేళ్లు దూర్చి లాగాడు. స్కూటర్ స్టాండ్ వేసి వచ్చి, రెండు చేతులతో, కాలు తన్నిపెట్టి మళ్లీ లాగాడు. చేతులు దులుపుకుని ఫోన్ తీశాడు. "హలో, చూసినాప్పా. వల బాగుండాది. రేపు ఈడనే." ఫోన్ జేబులో పెట్టుకుంటూ నవ్వాడు. "కానీ ఆంజనప్పా, ఇంత కష్టపడి కడితివి. రేపు దీంట్లో ముందు గోల్ ఏసేది మావోళ్లే."

"ఏసుకోనీ" అన్నాడు ఆంజనప్ప. "ఎవరి గోలైనా దీంట్లో నిలబడాల."

వలను మళ్లీ చుట్టి, తాడు కొస లోపలికి దోపి, సాయినాథ్ రెండు చేతుల మీద పెట్టాడు.

"పైనుంచి కట్టుకుంటూ రాండి. కింద వదులు పెట్టొద్దు."

"రేపు వస్తావా అన్నా?"

"వల ఎనకాలనే నిలబడుంటా."

సాయినాథ్ వలను భుజానికెత్తుకుని స్తంభాల వైపు నడిచాడు.